ఆదా చేసిన బొగ్గు

ధ్యానమునకు వాక్యభాగములు: యోహాను 6:5–13, యోహాను 12:1–8



పొదుపు మంచిదా చెడ్డదా అని ఎవరైన అడిగినయెడల, ఇదియు ఒక ప్రశ్నయేనా అని మనము నవ్వుదుము. చిన్ననాట బడిలో మనచేత వ్రాయించిన వ్యాసములలో పొదుపు ఒకటి. చీమయొద్దకు వెళ్లి బుద్ధి తెచ్చుకొనుమని సామెతల గ్రంథము సోమరికి చెప్పుచున్నది. మన తల్లులు చీరకొంగున ముడివేసి దాచిన చిల్లర డబ్బులతోనే మనలో అనేకుల పుస్తకములు, పరీక్ష రుసుములు గడచినవి. కావున పొదుపును గూర్చి సందేహమేల?

అయినను ఈ మాసము ఒక సందేహమును మీ ముందుంచుచున్నాము. ఒకనికి హుక్కా త్రాగు అలవాటున్నది. అయితే అతడు మిక్కిలి పొదుపరి. బొగ్గు ముక్కనైనను వ్యర్థము కానియ్యడు. చిటికెడు పొగాకునైనను పారవేయడు. తోటివారు రెండింతలు ఖర్చు పెట్టుచుండగా తాను సగముతో గడుపుకొనుచున్నానని సంతోషించును. ఇతని పొదుపు సుగుణమగునా, కాదా?

ప్రశ్న చిన్నది. కొందరికి హాస్యముగా కూడ తోచవచ్చును. అయితే దీని వెనుక మన యిండ్లన్నిటికి సంబంధించిన పెద్ద ప్రశ్న దాగియున్నది. పొదుపు తనంతట తానే మంచిదా? లేక మిగిలినది ఎక్కడికి పోవుచున్నదో చూచి దాని మంచిచెడ్డలు నిర్ణయింపవలెనా?

మొదట ఆ పొదుపరి చేయు పనిని న్యాయముగా చూతము. హుక్కాకు పైన చిలుము, క్రింద నీటి పాత్ర, రెంటిని కలుపు గొట్టము, ప్రక్కన పీల్చుటకు పొడవైన నాళము ఉండును. ఈ దినములలో పాకముతోను పండ్ల వాసనలతోను కలిపిన తడి పొగాకును చిలుములో నింపి, దానిపై రంధ్రములు పొడిచిన అల్యూమినియం రేకు పరచి, రేకు మీద నిప్పులు పెట్టుచున్నారు. పీల్చినప్పుడు ఆ వేడిగాలి పొగాకు గుండ దిగి, నీటిలో బుడబుడలాడి, చల్లనై నోటికి వచ్చును.

దీనికి వాడు బొగ్గు రెండు విధములు. అగ్గిపుల్ల చూపగానే అంటుకొను బిళ్లలు ఒక విధము. త్వరగా మండుటకై వాటిలో పొటాషియం నైట్రేటు వంటి మందు కలుపుదురు. అవి త్వరగా రాజుకొనును, త్వరగానే బూడిదయగును. కొబ్బరి చిప్పల బొగ్గును పొడిచేసి గట్టిగా నొక్కిన ఘనపు ముక్కలు రెండవ విధము. ఇవి పొయ్యిమీద ఎనిమిది పది నిమిషములు కాలనిదే రాజుకొనవు. రాజుకొనిన తరువాత చాలసేపు వేడి నిలుచును. లెక్క తెలిసినవాడు ఈ రెండవదానినే కొనును. మూడు ముక్కలు పెట్టుచోట రెండు పెట్టి, పైన మూత వేసి వేడిని కాపాడును. పొగాకును కూరిపెట్టక వదులుగా నింపును. మిగిలినదానిని ఎండిపోకుండ గాలి చొరని డబ్బాలో దాచును. చివరకు మిగిలిన నిప్పును ఇనుప డబ్బాలో వేసి మూత బిగించి, గాలి లేక దానంతట అది ఆరునట్లు చేసి, మరునాడు మరల రాజేయును.

ఇందులో సోమరితనము లేదు. జాగ్రత్త ఉన్నది, ఓపిక ఉన్నది, చేతి నేర్పు ఉన్నది. ఇవన్నియు మంచి గుణములే. ఇదే నేర్పుతో ఒక గృహిణి తన వంటింటిని నడిపినయెడల ఆమెను మనము మెచ్చుకొనక మానము. మరి ఇక్కడ మన మనస్సు ఎందుకు సంకోచించుచున్నది?

యోహాను సువార్తలో రెండు లెక్కలు కనబడుచున్నవి. ఆరవ అధ్యాయములో ఫిలిప్పు లెక్క వేయుచున్నాడు. జనసమూహమునకు తలా కొంచెము పెట్టుటకు రెండువందల దేనారముల రొట్టెలైనను చాలవని అతడు చెప్పెను. పండ్రెండవ అధ్యాయములో యూదా ఇస్కరియోతు లెక్క వేయుచున్నాడు. మరియ ప్రభువు పాదములకు పూసిన అత్తరును అమ్మినయెడల మూడు వందల దేనారములు వచ్చునని అతడు చెప్పెను. ద్రాక్షతోట పనివారి ఉపమానములో దేనారము ఒక దినపు కూలి. అనగా ఒకడు ఏడాది పొడుగున చేసిన కష్టమునకు దగ్గరి మొత్తము అది. ఇద్దరి లెక్కలును తప్పు కావు. ఇద్దరును వ్యర్థమునకు, కొరతకు భయపడినట్లే కనబడుచున్నారు. మాట మట్టుకు చూచినయెడల యూదా మాటయే మరింత భక్తిగా నున్నది, ఏలయనగా అతడు బీదల పేరు ఎత్తెను.

ఈ రెండు లెక్కల నడుమ ప్రభువు చేసిన ఒక పని ఉన్నది. అయిదు రొట్టెలతో అయిదు వేలమందిని తృప్తిపరచిన తరువాత, మిగిలిన ముక్కలు ఏమియు నష్టపడకుండ పోగుచేయుడని ఆయన శిష్యులకు ఆజ్ఞాపించెను. రొట్టెను ఇంతగా విస్తరింపజేయగలవానికి ముక్కలతో పనియేమి? అయినను పండ్రెండు గంపలు ఎత్తించెను. కావున పొదుపు క్రైస్తవునికి తగని పిసినారితనము కాదు. అది దేవుని యీవిని నేలపాలు చేయక కృతజ్ఞతతో ఎత్తుకొనుట. బేతనియలోనైతే యూదా కోరిన పొదుపును ప్రభువు అంగీకరింపలేదు. ఎందుకనగా, యోహాను చెప్పినట్లు, డబ్బు సంచి యూదా యొద్దనే యుండెను, అందులోనిది అతడు తీసికొనుచుండెను. గలిలయలో మిగిలినది గంపలలోనికి పోయెను. బేతనియలో మిగులవలెనని అతడు కోరినది తన సంచిలోనికి పోవలసియుండెను.

హుక్కా త్రాగువాడు యూదా వంటివాడని మేము చెప్పుటలేదు. పొదుపును తూచుటకు ఈ రెండు స్థలములు మనకు ఒక త్రాసు నిచ్చుచున్నవని మాత్రమే చెప్పుచున్నాము. ఎంత మిగిలినదని ముందుగా అడుగవద్దు. మిగిలినది ఎక్కడికి పోయినదని అడుగుము.

ఇదే కొబ్బరి చిప్పల బొగ్గును మనము మరియొక చోట చూచెదము. వీధి చివర తోపుడుబండి మీద బొగ్గుల ఇస్త్రీపెట్టెతో పనిచేయు సహోదరుని చూడుడి. ఆయనయు బొగ్గును లెక్కపెట్టి వాడును. పెట్టె వేడెక్కగానే దట్టమైన బట్టలు ముందు రుద్ది, వేడి తగ్గిన తరువాత పలుచని బట్టలు రుద్దును. సాయంకాలమున మిగిలిన నిప్పును ఆర్పి మరునాటికి ఉంచుకొనును. ఆయన మిగిల్చిన ప్రతి బొగ్గు ముక్క ఆ సాయంకాలము ఇంట ఉడుకు అన్నములో కొంత. బొగ్గు ఒకటే, నేర్పు ఒకటే. అయితే ఒకచోట మిగిలినది పిల్లల కంచములోనికి పోవుచున్నది. మరియొకచోట మిగిలినది రేపటి చిలుముమీదికి పోవుచున్నది. మొదటి పొదుపు ఒక యింటిని నిలుపుచున్నది. రెండవ పొదుపు ఒక అలవాటును నిలుపుచున్నది.

ఇప్పుడు ఆ లెక్కనే కొంచెము విప్పి చూతము. ధరలు ఊరూరికి మారును గనుక, ఈ అంకెలు కేవలము లెక్క కొరకు అనుకొనినవని గ్రహింపుడి. ఒకడు దినమునకు ఒక చిలుము త్రాగుననియు, పొగాకునకు 30 రూపాయలు, బొగ్గునకు 12 రూపాయలు, వెరసి 42 రూపాయలు పట్టుననియు అనుకొందము. పొదుపు నేర్చిన తరువాత పొగాకునకు 24, బొగ్గునకు 8, వెరసి 32 రూపాయలతో సరిపెట్టుకొనెను. దినమునకు 10 రూపాయల ఆదా. సంవత్సరమునకు 3,650 రూపాయలు! ఆ మాట అతడు సంతోషముతో పదిమందికి చెప్పును. అయితే దినమునకు 32 రూపాయల చొప్పున సంవత్సరమునకు పొగయైపోయినది 11,680 రూపాయలు. ఆ మాట అతడు ఎవరికిని చెప్పడు. దాచిపెట్టి కాదు, ఆ లెక్క అతనికి తోచనే తోచలేదు. మిగిలినదానిని చూచుచుండగా పోవుచున్నది కనబడదు. ఇదియే ఈ విధమైన పొదుపులోని మొదటి మోసము.

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనడా అని ప్రభువు అడిగెను (లూకా 14:28). ఆయన చెప్పిన లెక్క పని మొత్తమునకు సంబంధించినది. ఇటుకల బేరములో నాలుగు రూపాయలు తగ్గించితినని సంతోషించుచు, ఈ గోపురము నాకు కావలెనా అని అడుగనివాడు లెక్క చూచినవాడు కాడు.

రెండవ మోసము మరింత లోతైనది. 1865వ సంవత్సరములో విలియం స్టాన్లీ జెవన్స్ అను ఆంగ్లేయ అర్థశాస్త్రజ్ఞుడు బొగ్గు సమస్యను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అది గని బొగ్గును గూర్చినది. ఆవిరి యంత్రములు మెరుగుపడి తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయసాగెను. అప్పుడు దేశములో బొగ్గు వాడుక తగ్గవలెను గదా? తగ్గలేదు, పెరిగెను. యంత్రము నడుపుట చౌకయైనందున యంత్రములే పెరిగెనని అతడు చూపించెను. హుక్కా విషయములోను ఇట్లే జరుగవచ్చును. ఒక్క చిలుము ఖర్చు తగ్గినప్పుడు, ఎట్లును చౌకయే గదా అని రెండవ చిలుము నింపుటకు చేయి సంకోచింపదు. చిలుము చిలుమునకు పొదుపు చేసినవాడు నెల చివరకు అధికముగా ఖర్చు చేసియుండవచ్చును.

ఇంతవరకు రూపాయల మాట. అయితే ఈ లెక్కలో రూపాయలలో చెల్లింపని భాగమొకటి ఉన్నది. హుక్కా పొగ నీటిగుండ వచ్చును గనుక అందులోని కల్మషము నీటిలో కడుగబడుననియు, సిగరెట్టుకంటె ఇది మేలనియు అనేకులు నమ్ముచున్నారు. అది నిజము కాదు. నీరు పొగను చల్లార్చును గాని శుద్ధిచేయదు. చల్లగా నున్నందున గొంతు మండదు. గొంతు మండదు గనుక మరింత లోతుగా, మరింత సేపు పీల్చుదురు. గంటసేపు సాగు ఒక్క బైఠకులో పీల్చు పొగ పరిమాణము నూరు సిగరెట్ల పొగకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, సమానము కాగలదని 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించెను. పొగాకు విషము చాలదన్నట్లు, పైనున్న బొగ్గు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును పుట్టించును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు ఉండవలసిన చోటును ఆక్రమించుకొనును. తలనొప్పి, తలత్రిప్పుట, స్పృహ తప్పుట దాని గురుతులు. మూసిన గదిలో అది ప్రాణమును కూడ తీయగలదు. గాలి తగిలిన బొగ్గు త్వరగా కాలిపోవునని తలుపులు కిటికీలు మూసికొని కూర్చుండువాడు నాలుగు రూపాయల బొగ్గును మిగుల్చుకొని దేనిని పణముగా పెట్టుచున్నాడో ఆలోచింపుడి.

ఆ గదిలో అతడొక్కడే ఉండడు. ప్రక్కన నిదురించు పసిబిడ్డయు, నిప్పులు తెచ్చి యిచ్చు భార్యయు అదే గాలి పీల్చుదురు. దావీదు ఒకప్పుడు బేత్లెహేము బావి నీళ్లు త్రాగ నాశపడెను. ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండు గుండ దూసికొనిపోయి ఆ నీళ్లు తెచ్చిరి. అప్పుడు దావీదు త్రాగలేదు. అది ప్రాణమునకు తెగించినవారి రక్తము వంటిదని ఎంచి యెహోవా సన్నిధిని పారబోసెను (2 సమూయేలు 23:15–17). దాహము పాపము కాదు, బావి నీళ్లు పాపము కావు. అయితే నా దాహమునకు వెల ఎవరు చెల్లించుచున్నారని దావీదు చూచెను. హుక్కా ముందు కూర్చున్న గృహస్థుడు అడుగవలసిన ప్రశ్నయు అదే. ఆ వెలలో ఒక భాగము ఇతరుల శ్వాసతో చెల్లింపబడుచున్నప్పుడు, తన భాగములో పది రూపాయలు తగ్గించుకొనుట పొదుపనిపించుకొనదు.

ఇక్కడ ఒక మాట గమనింపవలెను. హుక్కాలోని నీరు పొగకు ఏమి చేయుచున్నదో, ఈ పొదుపు మనస్సాక్షికి అదియే చేయుచున్నది. ఘాటును తీసివేయుచున్నది, విషమును ఉంచుచున్నది. విచ్చలవిడిగా ఖర్చు పెట్టువానిని ఏదో యొక దినమున వాని అప్పులే నిలదీయును. జాగ్రత్తగా, మర్యాదగా, లెక్కప్రకారము తన వ్యసనమును పోషించుకొనువానిని ఎవరు నిలదీయుదురు? అతని మనస్సాక్షి కూడ, నీవు దుబారా మనిషివి కావు గదా అని అతనిని ఊరడించును. రొట్టె కానిదాని కొరకు ఏల రూకలిచ్చెదరని యెషయా ప్రవక్త ద్వారా దేవుడడిగిన ప్రశ్నకు (యెషయా 55:2), తక్కువ రూకలే ఇచ్చుచున్నానని చెప్పుట జవాబు కాదు.

మెథడిస్టు ఉద్యమమునకు ఆద్యుడైన జాన్ వెస్లీ ధన వినియోగమును గూర్చి చేసిన ప్రసంగము 1760లో అచ్చుపడెను. సంపాదించుట, పొదుపు చేయుట, ఇచ్చుట అను మూడు మెట్లను ఆయన అందులో వివరించెను. లోకము మొదటి రెండు మెట్లను సంతోషముతో జ్ఞాపకముంచుకొని మూడవదానిని మరచిపోయినది. వెస్లీయైతే రెండవ మెట్టున నిలిచిపోయినవాడు ఏమియు చేయనివాడేయని హెచ్చరించెను. తరువాత 1787లో అచ్చుపడిన మరియొక ప్రసంగములో, ఆక్స్‌ఫర్డులోని తొలి మెథడిస్టు యువకులలో ఒకని లెక్కను చెప్పెను. ఆ యువకుడు వెస్లీయేనని సామాన్యముగా తలంచుదురు. మొదటి సంవత్సరము అతనికి 30 పౌనులు వచ్చెను. 28తో జీవించి 2 పౌనులు ఇచ్చివేసెను. మరుసటి సంవత్సరము 60 వచ్చెను. అప్పుడును 28తోనే జీవించి 32 ఇచ్చివేసెను. మూడవ సంవత్సరము 90 వచ్చినప్పుడు 62, నాలుగవ సంవత్సరము 120 వచ్చినప్పుడు 92 బీదలకిచ్చెను. ఇదియు పొదుపే. అయితే ఈ పొదుపు ప్రతి యేట తలుపు దాటి బయటికి నడచిపోయినది. తిరిగి తన పొయ్యిలోనికే వచ్చి పడలేదు.

ఇప్పుడు ఒక న్యాయమైన ఆక్షేపణకు జవాబు చెప్పవలెను. “అయ్యా, నేను ఇరువది యేండ్లుగా దీనికి అలవాటుపడినవాడను. ఒక్కసారిగా మానలేకున్నాను. దినమునకు నాలుగు చిలుములు త్రాగువాడను రెంటికి దిగినాను. ఇది కూడ తప్పేనా?” అని ఒక సహోదరుడు అడుగవచ్చును. కాదు సహోదరుడా, అది తప్పు కాదు. పొగాకులోని నికోటిను మనుష్యుని పట్టుకొను బలము సామాన్యమైనది కాదు. పొగలు గ్రక్కుచున్న వత్తిని ఆర్పివేయనివాడని ప్రవక్త ఎవరిని గూర్చి చెప్పెనో, ఆయన నీ సగము ప్రయత్నమును వెక్కిరింపడు. సంఘమును వెక్కిరింపరాదు. అయితే నాలుగునుండి రెంటికి దిగుట వేరు, నాలుగు చిలుములనే చౌకగా త్రాగుట వేరు. మొదటిది వాకిలివైపు నడచుట. రెండవది అదే గదిలో కుర్చీని సుఖముగా సవరించుకొనుట. బయటినుండి చూచువారికి రెండును పొదుపుగానే కనబడును. నీవు ఎటు నడచుచున్నావో నీకే తెలియును. నడువగోరువానికి తోడు కూడ ఉన్నది. వైద్యులు సహాయము చేయుదురు. పొగాకు మానగోరువారి కొరకు ప్రభుత్వము నడుపు ఉచిత టెలిఫోను నంబరు 1800-11-2356 పొగాకు పొట్లములమీదనే అచ్చువేయబడుచున్నది.

చట్టము ఈ పని మన బదులు చేయునని కూర్చుండరాదు. అక్బరు చివరి దినములలో అసద్ బేగ్ అను ఉద్యోగి బీజాపురమునుండి పొగాకును తెచ్చి రత్నఖచితమైన గొట్టముతో చక్రవర్తి ముందుంచెను. 1617లో జహంగీరు పొగాకును నిషేధించెను. అయినను అది ఆగలేదు. బీదరు పనివారు నల్లని లోహముమీద వెండి పొదిగి చేసిన అందమైన హుక్కా పాత్రలు నేటికిని హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియములో చూడవచ్చును. మన దినములలో 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రములను నిషేధించు బిల్లును ఆమోదించెను. యౌవనస్థుల మేలుకోరి చేసిన పని గనుక దానిని హర్షింపవలసినదే. అయితే చట్టము అంగడి తలుపు మూయగలదు గాని, ఇంటిలోని చిలుమును, హృదయములోని ఆశను ఆర్పజాలదు.

మా పల్లెలో హుక్కా లేదు, ఈ మాటలు మాకు కావు అని కొందరనుకొనవచ్చును. హుక్కా లేకున్నను చుట్ట ఉన్నది. శ్రీకాకుళము, విశాఖపట్నము తీరములలో నిప్పు నోటిలోపల ఉండునట్లు అడ్డపొగ త్రాగిన అవ్వలు ఎందరో ఉన్నారు. దానివలన అంగిటికి వచ్చు పుండ్లను, పుట్టకురుపును వైద్యులు బాగుగా ఎరుగుదురు. గుంటూరు, ప్రకాశము జిల్లాలలోనైతే పొగాకే అనేకుల జీవనాధారము. 1976నుండి పొగాకు బోర్డు కార్యాలయము గుంటూరులోనే ఉన్నది. ఆకు గ్రేడింగు చేసి పిల్లలను చదివించుకొనిన తల్లులు మన సంఘములలోను ఉన్నారు. వారి చెమటను మనము తేలికగా చూడరాదు. అందుకే ఈ ప్రశ్నను ఎవరిపైనను రాయిగా విసరక, ప్రతివాడును తన చేతి లెక్కపుస్తకముతో ఎదుర్కొనవలెను.

అసలు పొగాకు వాసనయే తెలియనివారికిని ఒక్కొక్క హుక్కా ఉండును. అవసరము లేని వస్తువును సగము ధరకు కొని, సగము మిగిల్చితినని సంతోషించునప్పుడు మనము బొగ్గును ఆదా చేయుచున్నాము. ఒకటి కొనినయెడల ఒకటి ఉచితమను మాటకు మూడవది కొనునప్పుడును అంతే. మిగిలినదానిని తీసికొనిపోయి మరల అదే అంగడిలో పెట్టునప్పుడు, మన పొదుపు మన ఆశకు సేవకుడైనది. అన్నింటియందును నాకు స్వాతంత్ర్యమున్నను దేనిచేతను లోపరచుకొనబడనొల్లనని పౌలు కొరింథీయులకు వ్రాసిన భావము ఇక్కడ పనికివచ్చును. ఆశను దాని యజమానుని స్థానమునుండి దింపని పొదుపు, ఆ యజమానునికి ఇంటి లెక్కలు చక్కగా వ్రాసిపెట్టు గుమాస్తా మాత్రమే.

కావున పొదుపు చేయు ప్రతివాడును మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నేను మిగిల్చినది ఎక్కడికి పోయినది? నేను అనుభవించుచున్నదానికి నాతోకూడ మరి ఎవరు వెల చెల్లించుచున్నారు? ఈ వస్తువు లేక ఒక వారము గడపగలనా? మూడవ ప్రశ్నకు జవాబు చెప్పుటకు తడుముకొనువాడు మొదటి రెంటిని మరింత జాగ్రత్తగా చదువుకొనవలెను.

మన తెలుగు సంఘములలో పూర్వమునుండి ఒక మంచి వాడుక కలదు. వంటకు బియ్యము కొలిచిన తల్లి, ఎసటిలో పోయకమునుపే ఒక పిడికెడు తీసి వేరుగా కుండలో వేయును. ఆదివారమున ఆ బియ్యము దేవుని మందిరమునకు చేరును. ఆమె చేయునదియు పొదుపే, పొయ్యియొద్ద చేయు పొదుపే. అయితే ఆ పిడికెడు అన్నము ఉడుకకమునుపే ఇంటి ఆకలిని దాటిపోయినది. తిన్న తరువాత మిగిలినయెడల చూతమని ఆమె అనలేదు. ఆమె కుండలోని బియ్యమును ఎవరును తిరిగి అడుగలేరు, తానును అడుగదు.

హుక్కా మానలేక, కనీసము తగ్గించుకొందునని నిశ్చయించుకొనిన సహోదరుడు ఆమెయొద్ద ఒక సంగతి నేర్చుకొనవచ్చును. ఈ దినము వెలిగింపని చిలుము డబ్బును ఈ సాయంకాలమే తీసి భార్య చేతిలో పెట్టుము, లేక బిడ్డ పుస్తకములకు ఇమ్ము, లేక పొరుగున జ్వరముతో పండుకొనియున్న కూలివాని మందునకు పంపుము. రేపటివరకు జేబులో ఉంచకుము, ఏలయనగా జేబులో ఉన్నది చిలుమును వెదకికొని పోవును. అట్లు చేసిన దినమున పది రూపాయలే మిగిలినను, ఆ పది రూపాయలు నిజముగా మిగిలినవే. ప్రభువు ఏరించిన ముక్కలు గంపలలో ఉన్నట్లు, అవి ఒకరి ఆకలి ముందర ఉండును. మన పొదుపులన్నియు అట్టివిగా నుండునట్లు దేవుడు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.